మానవీయత, విధి: కన్ఫ్యూషియస్ బోధ – తెనాలి వివాహవిధి

పెళ్ళిపీటల మీద కూర్చున్న ఇద్దరు తమకు అర్థంకాని మాటలను పురోహితుని వెంట పలికితే, ఆ ప్రమాణం ఎవరు చేసినట్టు? తెనాలిలో స్థిరపడిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) కృషి వెనుక ఉన్న ప్రశ్న ఇదే. దీనిని పరిశీలించడానికి కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) బోధలోని 'రెన్', 'లీ' అనే భావనలు ఉపకరిస్తాయి. కవిరాజు ఆయన అనుచరుడని కాదు. ఈ పోలిక మనం చేస్తున్నది.

చైనా లిపిలో 'రెన్' అక్షరం 'మనిషి', 'రెండు' అనే గుర్తుల కలయిక. ఒంటరివాడికి అలవడే గుణం కాదది. మానవీయత అని దాని అర్థం. 'లీ' మొదట దేవతలకు, పితరులకు జరిపే కర్మ. క్రమంగా వందనం, వస్త్రధారణ, శోకం పాటించడం, రాజసభలో నడవడి కూడా అందులో చేరాయి. రెన్ లోపలి భావమనీ, లీ పైతొడుగనీ జవాబు పత్రాల్లో రాసి ఊరుకొనేవారు చాలామంది. అది సగం జవాబే. తనను తాను అదుపు చేసుకొని లీకి మరలడమే రెన్ అని కన్ఫ్యూషియస్ తన శిష్యుడు యెన్ హుయికి చెప్పాడు. అంటే విధి మనిషిని తీర్చిదిద్దుతుంది. అయితే మానవీయత లేనివాడికి విధితో ఏం పని అని అడిగినవాడూ ఆయనే.

మరి ఆచారంలో దేనిని మార్చవచ్చు? నారటోపీకి బదులు పట్టుటోపీ వాడుకలోకి వస్తే, ఖర్చు తక్కువని ఆయన ఒప్పుకొన్నాడు. మెట్ల కింద చేయవలసిన వందనాన్ని పైకెక్కి చేయడం మాత్రం అహంకారమని, లోకమంతా అలా చేస్తున్నా తాను ఒప్పుకోలేదు. అమావాస్య కర్మలో గొర్రెను మానేద్దామన్న శిష్యునితో, నీకు గొర్రె మీద మమకారం, నాకు విధి మీద అన్నాడు.

ఈ గొర్రె దగ్గరే కవిరాజు దారి వేరు. 1925లో తెనాలి పురపాలక సంఘాధ్యక్షుడైన ఆయన గంగానమ్మ కొలుపుల్లో జంతుబలిని నిషేధించారు. అందుకు అవిశ్వాస తీర్మానంలో పదవి పోయింది. ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు.

వివాహం విషయంలో మాత్రం ఆయన విధిని తీసివేయలేదు. తెలుగులో 'వివాహవిధి' రచించి, తానే పౌరోహిత్యం వహించి పెళ్ళిళ్ళు జరిపించారు. నాకు ఇదే ఆయన పనుల్లో ఎక్కువ లోతైనదిగా తోస్తుంది. మనుషులు కలిసి బతకడానికి ఒక క్రతువు కావాలని హేతువాది అంగీకరించాడన్నమాట. సంప్రదాయవాదులకు సంస్కృత మంత్రధ్వనే పవిత్రం. దానిని మార్చడం మెట్లెక్కి వందనం చేయడం వంటిది. కవిరాజుకు భాష టోపీ వంటిది.

పోలికను ఇంతకుమించి లాగకూడదు. కన్ఫ్యూషియస్ 'లీ' ఎవరి అంతస్తులో వారిని నిలుపుతుంది. కవిరాజు పోరాటం ఆ అంతస్తుల మీదే, పౌరోహిత్యం పుట్టుకతో వచ్చే హక్కన్న భావన మీదే. భాష మారినంతనే భార్యాభర్తల మధ్య అసమానత పోదు. కాకపోతే వధువుకు ఆ మాటలు అర్థమవుతాయి, కాదనే వీలు కలుగుతుంది.

తెలుగు మంత్రాలతో జరిగిన పెళ్ళి మీరు చూసి ఉంటే, పాత తంతులో ఏది ఉంచారో, ఏది వదిలారో ఒక పుటలో రాయండి.