ఇంగ్లండు ఎలాన్, జపాను మియాటా



పాత కారు గొప్పదా, కొత్త కారు గొప్పదా అని కుర్రవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. వట్టి మాటలెందుకు, రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. ఒకటి 1962లో ఇంగ్లండులో వచ్చిన లోటస్ ఎలాన్. రెండోది 1989లో జపానులోని హిరోషిమా నుంచి వచ్చిన మాజ్డా ఎం.ఎక్స్.5. అమెరికాలో దీని పేరు మియాటా. రెండూ ఇద్దరు కూర్చునే, పైకప్పు తీయగల స్పోర్ట్స్ కార్లే.

ఎలాన్ కొలిన్ చాప్‌మన్ సృష్టి. బరువు తగ్గిస్తే పెద్ద ఇంజనుతో పని లేదన్నది ఆయన పట్టుదల. అందుకే మధ్యలో వెన్నెముకలా ఒకే ఉక్కు చట్రం, దానిమీద ఫైబర్‌గ్లాసు ఒళ్ళు. బరువు 700 కిలోలకు లోపే. ఇంజను 1558 సి.సి., సుమారు 105 అశ్వశక్తి. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు సుమండీ! ఇంకో తమాషా ఉంది. కారును విడి సామాన్లుగా కొని ఇంటిదగ్గర బిగించుకుంటే అక్కడ కొనుగోలు పన్ను పడేది కాదు. చాలామంది ఎలాన్‌ను అలాగే కొన్నారు. 1973లో పన్నుల పద్ధతి మారాక ఆ వెసులుబాటు పోయింది.

మరి లోపాలో? ముందు దీపాలు ఇంజను గాలిని పీల్చే బలంతో పైకి లేచేవి. గొట్టంలో ఎక్కడైనా సందు పడిందా, దీపాలు కళ్ళు మూసుకునేవి. వెనక చక్రాలకు శక్తినిచ్చే ఇరుసుల్లోని రబ్బరు బిళ్ళలు పాడైతే మార్చాలి. చట్రానికి తుప్పు సరేసరి. నడపడానికి ఎంత సరదాయో, పోషించడానికి అంత ఓపిక కావాలి.

1970 దశకంలో అమెరికాలో భద్రత, పొగ నిబంధనలు బిగిశాయి. ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు తట్టుకోలేకపోయాయి. 1980లో అబింగ్డన్‌లోని ఎం.జి. ఫ్యాక్టరీ మూతపడింది. ఇలాంటి తేలికపాటి కారు మళ్ళీ కావాలని అంతకు ముందే, 1979లో, బాబ్ హాల్ అనే అమెరికన్ పత్రికా రచయిత మాజ్డా అధికారి కెనిచి యమమోతోకు చెప్పాడు. పదేళ్ళకు ఆ మాట మియాటా అయింది.

మాజ్డావారు ఎలాన్‌ను బాగా పరిశీలించారు. గుర్రం, రౌతు ఒకటైపోవాలన్నది వారి సూత్రం. రౌతు కొద్దీ గుర్రమన్న మన సామెతకంటే ఇది ఒక మెట్టు పైనే. ఇంజను 1597 సి.సి., సుమారు 115 అశ్వశక్తి. బరువు మాత్రం 950 కిలోలు దాటింది. పెరిగిన బరువులో ఉక్కు ఒళ్ళుంది, తలుపుల్లోని కడ్డీలున్నాయి, అమెరికా బండ్లలో డ్రైవరుకు గాలి సంచి కూడా ఉంది. ప్రాణానికి కట్టిన వెల అది.

మియాటా వట్టి నకలు అన్నవారున్నారు. పోలిక నిజమే. కాని రోజూ పొద్దున్నే తాళం తిప్పగానే కదలడమన్న విద్య ఎలాన్ నేర్పగలిగింది కాదు, హిరోషిమావారి సొంతం. 2016 నాటికి ఆ పేరుతో పది లక్షల కార్లు తయారయ్యాయి.

అదే 1989లో లోటస్ కూడా కొత్త ఎలాన్ తెచ్చింది. అది ముందు చక్రాలతో లాగే బండి, ఇంజను జపానుకు చెందిన ఇసుజువారిది, ధర మాజ్డాకంటే బాగా ఎక్కువ. 1992లో తయారీ ఆపేశారు. మళ్ళీ కొద్దికాలం సాగించి, చివరికి ఆ నమూనాను కొరియాకు అమ్మారు. 1996 నుంచి అది కియా కారుగా వచ్చింది.