గనిమ రాయి, బావి దారి: కడప సీమలో హద్దు తగవుల చరిత్ర

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గము వారు కోరిరి. చరిత్ర యనగానే రాజులును, కోటలును, దండయాత్రలును జ్ఞప్తికి వచ్చుట సహజము. మన కడప సీమలో వాటికి కొదువ లేదు. కాని గండికోట ముట్టడి మన తాతముత్తాతల నిత్యజీవనమును ఎంతవరకు తాకినదో చెప్పుట కష్టము. పొరుగువాడు గనిమను జానెడు జరిపిన సంగతి మాత్రము వారికి నిద్ర లేకుండ జేసినదని నిశ్చయముగా చెప్పవచ్చును. కనుక పల్లెటూరి గ్రంథాలయ సంచికకు పొలము గట్టు చరిత్రయే తగిన విషయమని తోచినది.

హద్దు తగవు మానవుడు సేద్యము నేర్చిన నాటిది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము దీనికి ప్రత్యేక స్థానమిచ్చినది. గుర్తులు స్పష్టముగా కానవచ్చు జ్యేష్ఠ మాసమున సీమా నిర్ణయము చేయవలెనని అందు విధింపబడినది. మఱ్ఱి, రావి మొదలగు చిరకాలము నిలుచు వృక్షములను హద్దులుగా నాటవలెను. అవి చాలక రాళ్ళు, ఎముకలు, ఊక, బూడిద, బొగ్గులు, ఇటుకలు, ఇసుక మున్నగు వానిని భూమిలో రహస్యముగా పాతి యుంచవలెను. పైకి కానవచ్చు గుర్తును పెరికివేయువాడు ఉండునని ఆ కాలమువారికిని తెలియును! సాక్షులు ఎఱ్ఱని వస్త్రములును ఎఱ్ఱని పూలమాలలును ధరించి, తలపై మట్టి పెట్టుకొని సత్యము పలుకవలెను. ఏ మట్టిని గూర్చి పలుకుచున్నాడో ఆ మట్టినే తలపై మోయుచు అబద్ధమాడుటకు మనుష్యుడు వెనుదీయునని వారి విశ్వాసము.

యాజ్ఞవల్క్య స్మృతి ఇంకొక అడుగు ముందుకు వేసినది. పరుల నేలలో కట్టిన కట్ట కొంచెము బాధ కలిగించినను ఎక్కువ మేలు చేయునదైనచో దానిని అడ్డగింపరాదు. కొద్ది నేలను ఆక్రమించి సమృద్ధిగా నీరిచ్చు బావిని గూర్చియు ఇదియే న్యాయము. అయితే నేల యజమానికి తెలుపకయే కట్ట కట్టినచో దాని ఫలము కట్టినవానికి గాక యజమానికి చెందునని ఆ స్మృతియే హెచ్చరించుచున్నది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్య దేశమున చాల భాగమున ప్రమాణమైనది. తిక్కన కాలపు కవి కేతన దానిని తెనుగు పద్యములలో ‘విజ్ఞానేశ్వరము’గా రచించెను. ఈ ధర్మమునందు రెండు మాటలున్నవి: హద్దును కాపాడవలెను, హద్దు దాటి వచ్చు పొరుగువాని అవసరమును కూడ మన్నింపవలెను. తరువాతి చరిత్ర యంతయు ఈ రెండు మాటల నడుమ జరిగిన పెనగులాటయే.

ఇక మన సీమకు వత్తము. తెలుగు భాషలో లభించిన మొదటి శాసనములు రేనాటి చోళులవి. అవి మన మండలమునందే కలవు. ఎఱ్ఱగుంట్ల సమీపమున గల కలమళ్ళ శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. ఎఱ్ఱగుడిపాడు శాసనము ‘పన్నస’గా ఇచ్చిన నేలను ‘మఱుంతురు’ అను కొలతలో పేర్కొనుచున్నది. మన నుడి రాతికెక్కిన తొలిదినములలోనే నేల దానము, నేల కొలత అందు చోటు చేసికొన్నవన్న మాట.

పోరుమామిళ్ళ చెఱువు శాసనము మనకు మఱింత ముఖ్యము. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఆ చెఱువును త్రవ్వించి 1369లో ఈ సంస్కృత శాసనమును వ్రాయించెను. ప్రతిదినము 1000 మంది కూలీలును, 100 బండ్లును పనిచేయగా రెండు సంవత్సరములలో ఆ కట్ట పూర్తియైనదని అందు గలదు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, వర్జింపవలసిన ఆరు దోషములను ఆ శాసనము ఏకరువు పెట్టినది. కట్ట నుండి నీరు ఊరుట, చవుడు నేల, చెఱువు నడుమ మిట్ట యుండుట మొదలగు వానితో పాటు, రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుట కూడ ఒక దోషముగా ఎన్నబడినది. ఆ చెఱువు కట్టినవారికి రాళ్ళ బలముతో పాటు మనుష్యుల స్వభావము కూడ తెలియును. ఇద్దరి నడుమ నున్న నీరు కట్ట ఎంత గట్టిదైనను నిలువదని వారి భావము. రెండు రాజ్యములకు చెప్పిన ఈ మాట రెండు చేల నడుమ నున్న బావికిని చెల్లును.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేయగా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండెను. ఆయన రైతువారీ పద్ధతికై పొలములన్నిటిని కొలిపించెను. కొలతకు 33 అడుగుల గొలుసును వాడిరి. 33 అడుగుల చదరము ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. నేటికిని మనము పలుకు గుంట లెక్క ఆ గొలుసుతో సరిపోవుచున్నది. ప్రతి పొలమునకు పేరు, సంఖ్య, అనుభవదారు వ్రాయబడిరి. మన్రో ప్రేరణతో జరిగిన 1816 నాటి సంస్కరణలలో పండ్రెండవ రెగ్యులేషను హద్దు తగవులను కలెక్టరు గ్రామ పంచాయతులకు నివేదించి తీర్పు పొందు మార్గమును ఏర్పరచినది. కచేరీకంటె పొరుగు రైతుకే హద్దు బాగుగా తెలియునని స్మృతికారులు నమ్మినట్లే అతడును నమ్మెను.

1858లో మదరాసు ప్రభుత్వము సర్వే శాఖను నెలకొల్పెను. 1860లో హద్దు గుర్తులను గూర్చిన చట్టము వచ్చెను. సర్వే నంబర్లు, పొలము పటములు, రెండు భాషలలో వ్రాసిన ‘డైగ్లాట్’ రిజిష్టర్లు క్రమముగా ఏర్పడెను. మన వైపు దస్తావేజులలో ‘చెక్కుబందీ’ వ్రాయు ఆచారము కూడ స్థిరపడినది. తూర్పున ఎవరి చేను, దక్షిణమున ఏ వంక, పడమర ఏ రస్తా, ఉత్తరమున ఏ గట్టు అని నాలుగు దిక్కులు చెప్పుటయే చెక్కుబందీ. విస్తీర్ణమునకును చెక్కుబందీకిని పొత్తు కుదరనప్పుడు న్యాయస్థానములు సాధారణముగా చెక్కుబందీకే ఎక్కువ విలువ నిచ్చుచున్నవి. లెక్క వ్రాయుటలో చేయి తప్పవచ్చును గాని, తన పొరుగున ఎవరున్నారన్న విషయమున రైతు పొరబడడు గదా!

అయినను పటము చూపునది హద్దును మాత్రమే. హద్దు దాటి నడచు అవసరమును చూపదు. మన మెట్టసీమలో అసలు తగవంతయు అక్కడనే గలదు. అన్నదమ్ములు ఇద్దరు చేను పంచుకొన్నారనుకొందము. బావి అన్న భాగమునకు వచ్చినది. తమ్మునికి అందు సగము నీటి వంతు వ్రాసిరి. కపిల తోలు దినములలో ఎద్దులు ముందువెనుకలకు నడచు వాలు దారి కావలెను. నీరు పారుటకు కాలువ కావలెను. బండికి బాట కావలెను. భాగపత్రమున బావి సంగతి యున్నది గాని దారి సంగతి లేదు. తండ్రుల కాలమున మాట చాలినది. కొడుకుల కాలమున ముండ్లకంప అడ్డము పడినది. ఊరిలోపలి మిద్దెలకును ఇదే కథ: ఉమ్మడి గోడ, మిద్దె మీది వాననీరు పడు చోటు, దొడ్డికి పోవు సందు.

ఇట్టి హక్కులకే 1882 నాటి చట్టము ‘ఈజ్‌మెంటు’ అని పేరు పెట్టినది. అది మొదట అమలైన ప్రాంతములలో మన మదరాసు రాజధాని యొకటి. దాని సారాంశము ప్రతి రైతునకు తెలియదగినది. దారిని గాని, నీటిని గాని ఇరువది సంవత్సరములు శాంతముగా, బహిరంగముగా, అంతరాయము లేకుండ, హక్కుగా అనుభవించినచో అది స్థిరపడును. ఆ అనుభవము వ్యాజ్యమునకు ముందటి రెండు సంవత్సరములలోపలి వరకు సాగి యుండవలెను. ఉమ్మడి నేలను పంచుకొన్నప్పుడు ఒక భాగమునకు మఱియొక దారి లేనిచో అవసరము చేతనే దారి హక్కు కలుగును. ఆ అవసరము తీరిన నాడు ఆ హక్కు తొలగిపోవును. స్థిరపడిన హక్కునైనను ఇరువది సంవత్సరములు వాడక విడిచినచో నశించును.

ఇందు ‘హక్కుగా’ అను మాట ఆయువుపట్టు. “అన్నా, ఈ పొద్దు నీ చేన్లో బండి తోలుకుంటా” అని అడిగి పోవువానిది అనుమతి. అడుగక పోవువానిది కాలక్రమమున హక్కు. కావున మర్యాదగా అడిగినవానికి చట్టము బలమీయక, అడుగక నడచినవానికి బలమిచ్చుచున్నట్లు పైకి తోచును. మఱియొక వైపు, మంచితనముతో మిన్నకున్న యజమాని ఇరువది యేండ్లకు తన నేలపై పరుని హక్కు మొలచుట చూచి నివ్వెఱపోవును. దారి యిచ్చుటకు ఇష్టమున్నవాడు కూడ భయముచే కంప వేయుట ఇందువలననే. ఈ చిక్కునకు మందు ఒక్కటే: ఇచ్చినది అనుమతియా, హక్కా అన్నది ఇద్దరును స్నేహముగా నున్న దినములలోనే కాగితముపై వ్రాసికొనుట.

మన సీమకు దక్షిణమున గల కార్వేటినగరము జమీందారుకును మదరాసు రైల్వే కంపెనీకిని నడచిన వ్యాజ్యము ఈ చరిత్రలో స్మరింపదగినది. భారీ వర్షములకు జమీందారు చెఱువులు తెగి ఇనుపదారి చెడిపోగా కంపెనీ నష్టపరిహారము కోరెను. తన నేలలో నీరు నిలువ చేసికొన్నవాడు అది పొరుగు నేలపై పడినచో బాధ్యుడగునను సూత్రమును ఇంగ్లండులో 1868లో స్థిరపరచి యుండిరి. కాని 1874లో ప్రీవీ కౌన్సిల్ ఆ సూత్రము ఇచట చెల్లదనెను. మన దేశమున చెఱువు ఒక్కని వేడుక కాదు, ప్రజల బ్రతుకు. దానిని కాపాడుట జమీందారు ధర్మము. అజాగ్రత్త లేనప్పుడు అతడు దోషి కాడని తీర్పు వచ్చెను. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మేలు కీడుల తూనికయే లండను నగరమున మరల వినబడినట్లయినది.

భూగర్భ జలము విషయమున మాత్రము 1882 నాటి చట్టము మనకు చాలలేదు. నిర్దిష్టమైన కాలువగా ప్రవహింపని క్రిందినీటిని తన హద్దులో తోడుకొను స్వేచ్ఛ ప్రతి యజమానికి అది యిచ్చినది. కపిల దినములలో ఎద్దుల శక్తియే దానికి హద్దు. బోరుబావులు వచ్చిన పిదప ఒకడు లోతుగా వేసిన బోరు పొరుగువాని బావిని ఎండగట్టినను, గనిమ మాత్రము అంగుళమైనను కదలలేదు! 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టము కొత్త బావులకు అనుమతి కావలెనని నియమించినది ఈ కారణముననే.

1923 నాటి సర్వే, హద్దుల చట్టము హద్దు నిర్ణయమునకు క్రమమును ఏర్పరచినది. సర్వే ముగిసినట్లు ప్రకటించిన నాటినుండి మూడు సంవత్సరములలోపల సివిలు వ్యాజ్యము వేయవలెను. 1984లో వంశపారంపర్య గ్రామాధికారములు రద్దయినవి. కరణముల లోపములు ఎన్నియున్నను, ఏ కాలువ ఎవరి చేని గుండ పారవలెనో వారి నోట నుండెను. ఆ జ్ఞాపకము అంతయు కాగితమునకు దిగలేదు. 2020 డిసెంబరులో రాష్ట్రమున మరల సర్వే ఆరంభమై డ్రోనులు, ఉపగ్రహ సంకేతములు వచ్చినవి. 2022 నాటి భూయాజమాన్య హక్కుల చట్టము తీవ్ర వివాదమునకు గురియై 2024లో రద్దయినది. ఆకాశమునుండి చూచు యంత్రము గట్టును చూడగలదు. కాని ఆ గట్టుపై ఎవరు ఎవరిని అడిగి నడచుచున్నారో దానికి తెలియదు. అది ఊరి వృద్ధులకు మాత్రమే తెలియును.

కావున మన గ్రంథాలయమునకు ఒక విన్నపము. ఊరి పటము, డైగ్లాట్ నకలు సంపాదించి ఇచట ఉంచుదము. వాటి ప్రక్కన ఒక దళసరి పుస్తకము తెఱచి, బావి వంతులు, కాలువలు, బండి బాటలు, వాటి పేర్లు పెద్దలు చెప్పగా ఇరువైపుల వారి సమక్షమున వ్రాయుదము. అది దస్తావేజు కాదు, న్యాయస్థానమునకు పోటీ కాదు. అయినను తగవు పుట్టిన నాడు రెండు పక్షములు కూర్చుండి చదువుకొనుటకు ఒక పుట ఉండును. పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు. ఈ పని మఱియొక రజతోత్సవము వరకు ఆగదు. ఇరువది యేండ్ల నడకతో దారికి హక్కు వచ్చుచున్నది. ఇరువదియైదు ఏండ్లుగా ఊరివారందఱు కులభేదము లేక నడచి వచ్చిన ఈ గడపకు ఆ పుస్తకమును అడుగు హక్కు ఏనాడో వచ్చినది.