ఎడమ కాలి పని చేసిన చమురు

2016లో మా శాఖకు కారు అప్పు కోసం ఒక స్కూలు మాస్టారు వచ్చారు. గేర్లు చేత్తో మార్చుకునే కారు తక్కువ ధరకు వస్తున్నా, అదే కంపెనీ ఆటోమేటిక్ కారే కావాలన్నారు. "అంత తేడా ఎందుకు పెట్టడం మాస్టారూ?" అన్నాను. అప్పులిచ్చేవాడి నోటికి అలవాటైన ప్రశ్న అది. ఆయన ఎడమ కాలి ప్యాంటు కాస్త పైకి లాగి, బిగించి ఉన్న ఇనుప పట్టీలు చూపించారు. చిన్నప్పటి పోలియో. "క్లచ్చి తొక్కాల్సింది ఈ కాలే కదా సార్" అన్నారు. సంతకం పెట్టి పంపాను గాని, ఆ కాలు చెయ్యాల్సిన పని కారులో మరెవరు చేస్తున్నారన్న సందేహం నన్ను వదల్లేదు. నేను కామర్సు చదివినవాణ్ణి. తెలుసుకోవడానికి చాలాకాలమే పట్టింది.

ఆ పని చేసేది చమురు. కథ మొదలైంది కారులో కాదు, ఓడలో. జర్మనీలోని స్టెట్టిన్ ఓడల కర్మాగారంలో హెర్మన్ ఫట్టింగర్ అనే ఇంజనీరుకు ఒక చిక్కు వచ్చింది. ఆవిరి టర్బైను మహా వేగంగా తిరుగుతుంది, ఓడ వెనకాల రెక్కలేమో నెమ్మదిగా తిరగాలి. రెంటినీ ఇనుముతో కాక ద్రవంతో కలిపే పద్ధతికి ఆయన 1905లో పేటెంటు తీసుకున్నాడు. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు చమురు ఉందనుకోండి, అంతే. కారు ఆగినా ఇంజను ఆగక్కర్లేదు, నడుమ చమురు జారుతూ ఉంటుంది. క్లచ్చి చేసే పనిలో సగం దీంతో తీరింది.

మిగిలిన సగం గేర్లు మార్చడం. అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఎర్ల్ థాంప్సన్ బృందం దాని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. గేర్లు కీచుమనకుండా కలిసే సింక్రోమెష్ పద్ధతిని కాడిలాక్ కార్లకు అంతకుముందే ఇచ్చినవాడు ఈ థాంప్సనే. 1939 అక్టోబరులో 'హైడ్రామాటిక్'ను ప్రకటించారు. 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కారుకు అది కావాలంటే 57 డాలర్లు అదనం.

అందులో కంప్యూటరు లేదు, కరెంటు తీగ లేదు. మరి ఎప్పుడు ఏ గేరు వెయ్యాలో ఎవరు నిర్ణయించారు? నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. ఒక గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిగే చిన్న ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని వాల్వు అందాం. ఒక కొసన కారు వేగాన్ని బట్టి పెరిగే చమురు ఒత్తిడి తోస్తుంది. చక్రాల వైపు తిరిగే ఇరుసు మీద గవర్నరు అనే పరికరం ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ దాని బరువులు బయటికి విసురుకుని ఆ ఒత్తిడిని పెంచుతాయి. రెండో కొసన ఒక స్ప్రింగు, దానికి తోడు యాక్సిలరేటరు ఎంత తొక్కితే అంత పెరిగే మరో ఒత్తిడి. మా లెక్కల్లో చెప్పాలంటే ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు. వేగం వైపు పైచేయి కాగానే కడ్డీ జరుగుతుంది, దారి తెరుచుకుంటుంది, పంపు నుంచి వచ్చే చమురు వెళ్లి పై గేరును బిగిస్తుంది. ఘాటు ఎక్కుతూ గట్టిగా తొక్కామా, రెండో పక్క బరువై గేరు మారడం ఆలస్యమవుతుంది. కావలసిందీ అదే.

అయితే రెండు పక్కలూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు కడ్డీ అటూ ఇటూ ఊగిసలాడదా? ఆడకుండా ఏర్పాటు చేశారు. కడ్డీ ఒకసారి జరగ్గానే దాన్ని వెనక్కి తోసే ఒత్తిడి తగ్గిపోతుంది. అందుకని పై గేరు పడిన వేగం కన్నా కారు బాగా నెమ్మదిస్తే తప్ప కింది గేరు పడదు.

దీనిలో కారును ముందుకు నడిపే గేర్ల జతలు రెండు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లాగా నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరుగుతాయి. బయటి డ్రమ్మును పట్టీతో బిగిస్తే ఆ జత వేగం తగ్గిస్తుంది, పలకల క్లచ్చితో నొక్కితే మొత్తం ఒకటిగా తిరుగుతుంది. ముందు జత 1.45 వంతులు, వెనక జత 2.63 వంతులు తగ్గిస్తాయి. రెండూ తగ్గిస్తే మొదటి గేరు, వెనకది మాత్రమే తగ్గిస్తే రెండోది, ముందుది మాత్రమే అయితే మూడోది, ఏదీ తగ్గించకపోతే నాలుగోది. రెండు నుంచి మూడుకు వెళ్లడంలోనే ప్రాణసంకటం. ఒక జత వదలాలి, మరొకటి పట్టాలి, రెండూ ఒకే క్షణంలో. జంట పద్దు లెక్కలాంటిదే. ఒక వైపు పద్దు ముందు పడితే కారు గింజుకుంటుంది, ఆలస్యమైతే ఇంజను ఊరికే రొద పెడుతుంది. దాన్ని కేవలం చమురు దారుల కొలతలతో సాధించారంటే వారికి దండం పెట్టాలి.

యుద్ధం వచ్చింది. 1942లో వచ్చిన ఎం-5 తేలిక టాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఒక్కో హైడ్రామాటిక్. యుద్ధం అయ్యాక ఎంతోమంది సైనికులు కాళ్లు, చేతులు పోగొట్టుకుని ఇళ్లకు చేరారు. 1946లో అమెరికా కాంగ్రెసు, కాలు పోయిన మాజీ సైనికులు కారు కొనుక్కోవడానికి 1,600 డాలర్ల వరకు ఇచ్చే చట్టం చేసింది. ఓల్డ్స్‌మొబీల్ 'వాలియంట్' పేరుతో, హైడ్రామాటిక్ కార్లకు వారికి వీలైన ప్రత్యేక మీటలు అమర్చి ఇచ్చింది. సోమరి డబ్బున్నవాళ్ల సరదాగా నేను అనుకున్న వస్తువు ఇది.

తర్వాతి సంగతులు వేగంగా నడిచాయి. 1949 నుంచి పోటీదారు ఫోర్డు వారి లింకన్‌కూ హైడ్రామాటిక్కే కావలసి వచ్చింది. 1952లో రోల్స్‌రాయిస్ దీనికి లైసెన్సు పుచ్చుకుంది. 1953 ఆగస్టు 12న లివోనియాలోని ఫ్యాక్టరీ కాలిపోతే, ఒకప్పుడు బాంబర్ విమానాలు కట్టిన విల్లోరన్ కర్మాగారంలో తయారీ మళ్లీ మొదలుపెట్టారు. అన్నట్టు, ఆ రోజుల్లో ఇలాంటి గేరు చమురులో తిమింగలం నూనె కూడా కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక వేరే మందులు వెతుక్కున్నారు.

ఇవాళ నిర్ణయం కంప్యూటరుది. అది విద్యుత్ వాల్వులకు ఆజ్ఞ ఇస్తుంది. చాలా కార్లలో బిగించే బలం మాత్రం ఇంకా చమురుదే. మనదేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన చవక పద్ధతిలో గేర్లపెట్టె మామూలుదే. ఒక చిన్న కరెంటు పంపు పుట్టించే చమురు ఒత్తిడి క్లచ్చిని తొక్కి, గేరు మారుస్తుంది.

మాస్టారు కొన్నది ఆ రకమే. అయిదేళ్లూ ఒక్క వాయిదా తప్పలేదు. ఆఖరి వాయిదా కట్టడానికి తానే నడుపుకుంటూ వచ్చారు.