చెరువు నాచు నుంచి ఇంధనం

కలుషిత చెరువుల్లో విపరీతంగా పెరిగే నాచును (శైవలాలను) తొలగించి బయోగ్యాస్‌గా, బయోడీజిల్‌గా మార్చే ప్రక్రియ.

కారణం: మురుగునీటిలోని నత్రజని, భాస్వరం నాచుకు ఆహారం. అది చచ్చి కుళ్లినప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి. నాచును తీసేస్తే, అది పీల్చుకున్న పోషకాలు కూడా చెరువు నుంచి బయటికి పోతాయి.

విధానం: గాలి చొరబడని తొట్టెలో సూక్ష్మజీవులు నాచును కుళ్లబెడితే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. నాచులో కర్బనంతో పోలిస్తే నత్రజని ఎక్కువ కాబట్టి వరిగడ్డి వంటివి కలపాలి. నాచులోని కొవ్వును మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి.

పరిశోధన: హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకటమోహన్ బృందం మురుగు చేరే నీటివనరుల్లోని సూక్ష్మ శైవలాలపై పరిశోధించి, 2011లో ఫలితాలు ప్రచురించింది. ఈ శైవలాలు సూర్యకాంతితో పాటు మురుగులోని సేంద్రియ పదార్థాన్నీ వాడుకుంటాయి. అందువల్ల నీటి శుద్ధి, ఇంధన ఉత్పత్తి ఒకేసారి సాగుతాయి.

పరిమితులు: నాచులో అధికభాగం నీరే. దాన్ని వడకట్టి ఆరబెట్టడానికి చాలా శక్తి ఖర్చవుతుంది. అందుకే తడి నాచుకు బయోగ్యాస్ మార్గమే అనుకూలం. కొన్ని నీలిఆకుపచ్చ నాచులు విషపూరితం. పరిశ్రమల వ్యర్థాలు కలిసే చెరువుల నాచులో భారలోహాలు ఉండవచ్చు. కాబట్టి బయోగ్యాస్ తీశాక మిగిలిన ముద్దను పరీక్షించాకే ఎరువుగా వాడాలి.

గ్రామాల్లో: ఆంధ్రప్రదేశ్‌లోని పెద్దారవీడు వంటి మెట్ట మండలాల్లో పేడతో నడిచే గోబర్ గ్యాస్ తొట్టెలోనూ పేడకు తోడుగా కొద్దిపాటి నాచు కలపవచ్చు. ఊరి చెరువును కాపాడుకోవడానికి ఇదొక మంచి దారి.