మాగ్నెటో కథ

పాత మోటారు సైకిళ్ళు అనేకం బ్యాటరీ లేకుండానే నడిచేవి. వాటికి నిప్పురవ్వ నిచ్చినది మాగ్నెటో.

1897లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో రాబర్ట్ బాష్ దీనిని ఒక మూడుచక్రాల మోటారు బండికి అమర్చాడు. అప్పట్లో సిలిండరులోని లోహపు ముక్కలు విడివడినప్పుడు రవ్వ పుట్టేది. 1902లో ఆయన సంస్థలోని ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ రెండు తీగచుట్టలతో అధిక వోల్టేజి కల్పించి, రవ్వ ప్లగ్గులోని సందును దాటేటట్లు చేశాడు.

మొదటి చుట్టలోని ప్రవాహం హఠాత్తుగా తెగినప్పుడే రెండవదానిలో ఈ వోల్టేజి పుడుతుంది. కనుక ఇంజనును ఆపడానికి మొదటి చుట్టను ఒక తీగద్వారా చట్రానికి కలుపుతారు. ప్రవాహం తెగదు, రవ్వ రాదు.

ఏండ్లు గడచి ఆ తీగ తొడుగు అరిగి చట్రానికి తగిలినా ఫలితం అదే. మాగ్నెటోను విప్పబోయే ముందు ఆ తీగను తప్పించి చూడాలి. రవ్వ వచ్చినదా, దోషం మాగ్నెటోది కాదు, తీగది.