బావికి కలరా రాదు
(కార్యాలయాల సర్వర్లు, వైరస్ కాపలా – కొంత చరిత్ర)

ప్రత్యేక సంచికకు కార్యాలయాలలో వచ్చిన మార్పుల గురించి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. టైపు మిషన్ల గురించి, కార్బన్ కాగితాల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరొక విషయం ఎన్నుకున్నాను. మన సర్వీసు వివరాలు, పెన్షన్ లెక్కలు ఇప్పుడు కంప్యూటర్లలో ఉన్నాయి. వాటికి వైరస్ సోకకుండా కాపలా కాయడం ఎలా మొదలయింది, ఎంతవరకు వచ్చింది అన్నదే ఈ వ్యాసం. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. ఉద్యోగంలో చూసినది కొంత, తరువాత తీరికగా చదివి తెలుసుకున్నది కొంత ఇక్కడ మనవి చేస్తున్నాను.

కంప్యూటర్ వైరస్ అంటే క్రిమి కాదు, అది కూడా ఒక ప్రోగ్రామే. తన నకళ్లు తానే తీసుకుని ఇతర ఫైళ్లలో చేరుతుంది. 1983లో అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధక విద్యార్థి, అనుమతి తీసుకుని, యూనిక్స్ నడిచే పెద్ద యంత్రం మీద దీనిని ప్రయోగించి చూశాడు. ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ గంటలోపే యంత్రం మీద సర్వాధికారాలు చిక్కాయి. ఒకసారి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "యూనిక్స్ జాతి యంత్రాలకు వైరస్ రాదు" అని తరువాత చాలామంది అనగా విన్నాను. తొలి ప్రయోగమే దాని మీద జరిగిందని వారికి తెలియదు కాబోలు.

1986లో లాహోరుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు వ్రాసిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీల ద్వారా దేశదేశాలు తిరిగింది. 1988 నవంబరు 2న మోరిస్ అనే విద్యార్థి వదలిన 'వార్మ్' ఇంటర్నెట్‌లోని యూనిక్స్ యంత్రాలను వేల సంఖ్యలో స్తంభింపజేసింది. 1992 మార్చి 6న 'మైకెలాంజిలో' వైరస్ డిస్కులు చెరిపేస్తుందని ప్రపంచమంతా హడలిపోయింది. భయపడినంత నష్టం జరగలేదు గాని, వైరస్ అనే మాట మాత్రం సామాన్యుల నోట పడింది.

అప్పటికి మన కార్యాలయాలలో కంప్యూటరుకు ప్రత్యేకంగా గది, ఏ.సి., చెప్పులు బయట విడవాలనే నియమం. "వైరస్ అంటే దుమ్ము" అనుకున్న మిత్రులు కూడా నాకు తెలుసు.

ఇక సర్వరు సంగతి. 1991లో రెండు పనులు జరిగాయి. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లైనక్స్ మొదలుపెట్టాడు. ఆ ఏడాది చివరలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే మరొక విద్యార్థి, యూనిక్స్ యంత్రం డిస్కును మామూలు పి.సి. నుండి వాడుకునేందుకు ఒక ప్రోగ్రాము వ్రాశాడు. దాని తొలి పేరుకు ఒక కంపెనీ అభ్యంతరం చెప్పగా, ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు వెతికి 'సాంబా' అని పెట్టాడు. ఈ రెండింటి మూల ప్రోగ్రామును ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. దీనినే ఓపెన్ సోర్స్ అంటారు.

బడ్జెట్ లేని కార్యాలయాలకు ఇది వరమయింది. పాత కంప్యూటరు మీద లైనక్స్, సాంబా పెడితే సర్వరు సిద్ధం. బల్లల మీద మాత్రం విండోస్ పి.సి.లే. గుమాస్తాకు అదొక డ్రైవుగా కనిపిస్తుంది తప్ప, వెనుక ఉన్నది వేరే జాతి యంత్రమని తెలియదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. విండోస్ వైరస్ లైనక్స్ మీద పనిచేయదు. కాని వైరస్ ఉన్న ఫైలును ఒక పి.సి. నుండి సర్వరులో భద్రం చేస్తే, సర్వరు దానిని అలాగే దాచి, అడిగిన ప్రతివారికీ ఇస్తుంది. ఊరి బావికి కలరా రాదు, నిజమే. ఆ నీరు త్రాగిన ఊరికి వస్తుంది. 1999లో 'మెలిస్సా' వర్డ్ ఫైళ్లలో తిరిగింది. 2001 సెప్టెంబరులో వచ్చిన 'నిమ్డా' అయితే నెట్‌వర్కులో అందరూ వాడుకునే ఫోల్డర్లను వెదికి మరీ తనను కాపీ చేసుకున్నది.

ఆ రోజులలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఇదే జరిగింది. బల్లల మీది పి.సి.లన్నీ రెండు రోజులు కూర్చుని శుభ్రం చేశారు. మూడవ రోజున డి.ఎ. బకాయిల ఫైలు సర్వరు నుండి తెరవగానే జబ్బు తిరిగివచ్చింది. సర్వరును ఎవరూ తనిఖీ చేయలేదు, దానికి రాదు గదా అని. ఆ నెల పదవీ విరమణ చేయవలసిన ఇద్దరి పెన్షన్ ప్రతిపాదనలు పాడయ్యాయి. కాగితపు సర్వీసు రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి కనుక, మేము మళ్లీ చేత్తో తయారుచేసి సకాలంలో పంపగలిగాము. ఆ రిజిస్టర్లే లేకపోతే ఆ ఇద్దరి గతి ఏమిటని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఈ లోటు తీర్చడానికి వచ్చినవాటిలో 'క్లామ్ ఏ.వి.' ముఖ్యమైనది. 2002లో పోలండుకు చెందిన టోమాష్ కోయ్మ్ దీనిని విడుదల చేశాడు. ఇది కూడా ఓపెన్ సోర్సే. 2007లో సోర్స్‌ఫైర్ కంపెనీ చేతికి, 2013లో ఆ కంపెనీతో పాటు సిస్కో చేతికి వెళ్లినా ఉచితంగానే కొనసాగుతున్నది. ఇది పనిచేసే తీరు ఖజానాలో పనిచేసినవారికి తేలికగా అర్థమవుతుంది. బిల్లు మీది సంతకాన్ని నమూనా సంతకంతో సరిచూస్తాము గదా! ఇదీ అంతే, కాకపోతే దీని దగ్గర ఉండేవి దొంగల నమూనాలు. వాటిని కూడా 'సిగ్నేచర్లు' అనే అంటారు. సరిపోలితే ఫైలును ఆపుతుంది. కొత్త నమూనాలు ఎప్పటికప్పుడు తెచ్చుకుంటూ ఉండాలి. నమూనా లేని కొత్త దొంగ తప్పించుకుపోవచ్చు.

తనిఖీ రెండు విధాలు. రాత్రి కాపలావానిలా నిర్ణీత వేళకు డిస్కంతా చూడడం ఒకటి. తపాలు అందుకునేటప్పుడే విప్పి చూసినట్లు, ఫైలు తెరిచినప్పుడు, భద్రపరిచినప్పుడు చూడడం రెండవది. రెండవ దానికి మొదట విడిగా చేర్చుకునే ప్రోగ్రాములు ఉండేవి. 2018లో సాంబా 4.8తో అటువంటిది సాంబాలోనే చేరింది. కాపలాదారు మేలుకొని ఉన్నాడో లేదో చూడడానికి 68 అక్షరాల హానిలేని ఒక పరీక్ష ఫైలు కూడా ఉన్నది. దాని పేరు 'ఐకార్'.

అయితే 2017 మే నెల మరొక పాఠం చెప్పింది. మే 12న 'వాన్నాక్రై' విండోస్ ఫైలు పంపిణీలోని ఒక లోపం ద్వారా ప్రపంచమంతా ప్రాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి సవరణ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. అదే మే 24న, 2010 నుండి సాంబాలో దాగి ఉన్న వేరొక పెద్ద లోపం బయటపడింది. బావి గోడకు కూడా పగులు ఉంటుందన్నమాట.

తాళం వేసే ఈ వైరస్‌లతో మరొక సంగతి గమనించాలి. అది బల్ల మీది పి.సి.లో కూర్చుని, ఆ ఉద్యోగికి ఉన్న అధికారంతోనే సర్వరు ఫైళ్లను తిరగవ్రాస్తుంది. సర్వరుకు అది మామూలు పనిలాగే కనిపిస్తుంది. కనుక వైరస్ తనిఖీ ఒక్కటే చాలదు. సవరణలు వేయాలి, వ్రాసే అధికారం అవసరమైనవారికే ఇవ్వాలి, నెట్‌వర్కుకు తగిలించకుండా వేరే చోట ఒక నకలు ఉంచాలి. ఆ నకలు నుండి ఫైళ్లు తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు తీసి చూడాలి.

2014 నుండి మన జీవన ప్రమాణ పత్రం కూడా కంప్యూటరు ద్వారానే ఇచ్చే వీలు వచ్చింది. సౌకర్యం గొప్పదే, వద్దనను. సభ్యులందరూ పి.పి.ఓ. నకలు, ఆఖరి జీతం సర్టిఫికెట్టు ఇంట్లో భద్రంగా ఉంచి, పిల్లలకు కూడా చూపించాలని కోరుతున్నాను. ఆనాడు ఆ ఇద్దరినీ కాపాడినది బీరువాలోని రెండవ ప్రతి. ఈనాడు మన లెక్కలకు రెండవ ప్రతి ఎక్కడున్నది, చివరిసారి ఎప్పుడు తీసి చూశారు? డి.ఎ. బకాయిల గురించి మహజరు ఇచ్చేటప్పుడు మన సంఘం ఈ ప్రశ్నను కూడా చేర్చాలని నా మనవి.