పండ్రెండు వోల్టుల పేదరికము

1930వ సంవత్సరమున చికాగో వాసియైన పాల్ గాల్విన్ తన సంస్థలో తయారైన రేడియోను కారులో బిగించుకొని, అట్లాంటిక్ సిటీలో జరుగుచుండిన రేడియో ఉత్పత్తిదారుల సమావేశమునకు వెడలిన నాటినుండియు, కారు సంగీతమునకు ప్రబల విఘ్నమైనది బ్యాటరీ యొక్క అల్పశక్తియే. ఆనాటి బ్యాటరీ 6 వోల్టులది. 1950ల నడుమ అమెరికా కార్లలో అది 12 వోల్టులైనది. వాల్వులకో, నూర్ల వోల్టులు కావలెను. కావున వైబ్రేటరను పరికరము ఏకముఖ విద్యుత్తును ఝుమ్మను నాదముతో ఖండఖండములు గావించి ట్రాన్స్‌ఫార్మరునకు అందింపగా, అది వోల్టేజిని పెంచెడిది. వాల్వునకు తగిన వేలకొలది ఓములకును, స్పీకరు నందలి నాలుగైదు ఓములకును పొత్తు కుదుర్చుటకు మరియొక ట్రాన్స్‌ఫార్మరు ఉండెడిది. 1886లో ఆలివర్ హెవిసైడు ఇంపిడెన్సు అని పేరిడిన ఆ అవరోధము యొక్క సమన్వయమంతయు పెట్టెలోపలనే జరిగిపోవుటచే, కారు యజమాని దానిని గూర్చి చింతింపవలసిన పని లేకుండెను.

1955లో ఫిల్కో, క్రైస్లరు సంస్థలు పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడచు కారు రేడియోను వెలువరించిన పిమ్మట, ఆ మధ్యవర్తి ట్రాన్స్‌ఫార్మరు క్రమముగా నిష్క్రమించెను. స్పీకరు ఆంప్లిఫయరునకు నేరుగా ఎదురుపడెను. ఇంజను నడుచునప్పుడు లభించునది 14.4 వోల్టులే యనుకొందము. ఏ నష్టమును లేని బ్రిడ్జి పద్ధతిలోనైనను, అనగా రెండు చానళ్లు స్పీకరు రెండు కొనలను ఎదురెదురుగా నడుపునప్పుడైనను, దానితో 8 ఓముల స్పీకరునకు చేరగలది 13 వాట్లు. 4 ఓముల దానికి 26 వాట్లు. ఇండ్లలో 8 ఓములు వాడుకలో నుండగా కార్లలో 4 ఓములు స్థిరపడుటకు ఈ లెక్కయే కారణము.

తరువాత ఆంప్లిఫయర్లు తమలోనే వోల్టేజిని పెంచుకొన నేర్చినవి. సబ్‌వూఫర్లకు రెండేసి వాయిస్ కాయిళ్లు వచ్చినవి. రెండు 4 ఓముల కాయిళ్లను సిరీసుగా, అనగా ఒకదాని వెంట నొకటిగా, కలిపినచో 8 ఓములు. ప్యారలల్‌గా, అనగా పక్కపక్కన, కలిపినచో 2. అట్టి సబ్‌వూఫర్లు రెండున్నచో, అమరికను బట్టి 1, 4, 16 ఓములలో దేనినైనను సాధింపవచ్చును. ఒక్క స్క్రూడ్రైవరుతో ఇంతటి స్వాతంత్ర్యము లభించుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపు విషయము.

ఈ స్వాతంత్ర్యము 1980ల చివర, 1990ల తొలినాళ్ల అమెరికా కారు సంగీత పోటీలలో పరాకాష్ఠ నందెను. 4 ఓముల వద్ద ప్రకటితమైన వాట్లను బట్టి తరగతులు నిర్ణయించుటచే, అరిజోనా కంపెనీయైన ఓరియన్ వారి హెచ్‌సీసీఏ 225 వంటి యంత్రములు పుట్టినవి. చానలునకు 25 వాట్లని వినయముగా చెప్పుకొనుచు, ఒక ఓము కంటెను తక్కువ భారమును మోసి, అవి అనేక రెట్ల శక్తిని గ్రుమ్మరించెడివి. అట్టి భారమును భరించునట్లు వానిని నిర్మించిన శిల్పుల నేర్పు నిస్సందేహముగా గొప్పది.

అయినను ఆ పోటీల వారసత్వముగా, ఓములు తగ్గినకొలది శ్రేష్ఠమను నమ్మిక వ్యాపించుట హితము కాలేదు. వాట్లు ద్విగుణమైనను పెరుగునది 3 డెసిబెళ్లే. కరెంటు మాత్రము పెరిగి తీగెలను, ట్రాన్సిస్టర్లను వేడెక్కించును. బ్రిడ్జి చేసినప్పుడు ప్రతి చానలును స్పీకరు భారములో సగమునే చూచును గనుక, 4 ఓములు దానికి 2 ఓములే. కావున పాఠకులారా, తీగెలు బిగించుటకు ముందు ఆంప్లిఫయరు ఎన్ని ఓముల వరకు తాళునో చదువుకొని, మల్టీమీటరుతో కాయిళ్లను కొలిచి చూడుడు. 4 ఓముల కాయిలు అందులో 3 పైచిలుకుగా మాత్రమే కనిపించును.